మైకేల్ పొలాన్యి: ప్రయోగశాలలో పుట్టిన జ్ఞానసిద్ధాంతం

మైకేల్ పొలాన్యి (1891–1976) హంగరీలో పుట్టి, జర్మనీలో పేరు తెచ్చుకుని, ఇంగ్లండులో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్త, తత్వవేత్త. మనిషికి తెలిసినదంతా మాటల్లోకి రాదనీ, అత్యంత కచ్చితమైన విజ్ఞాన శాస్త్రాలు కూడా ఈ మాటకందని తెలివి మీదే ఆధారపడతాయనీ ఆయన ప్రతిపాదించాడు. దీనికే అవ్యక్త జ్ఞానమని పేరు. ఈ మాట ఇవాళ మేనేజ్‌మెంట్ పాఠాల్లోనూ కృత్రిమ మేధ చర్చల్లోనూ తరచూ వినిపిస్తుంది. దాని వెనకున్న రచనలను చదివినవారు మాత్రం తక్కువ. విజ్ఞానం, సృజన, మనసు ఈ మూడింటినీ ఒకే దారంతో కట్టిన ఆ రచనలకు ఇరవయ్యో శతాబ్దపు తత్వశాస్త్రంలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

బుడాపెస్ట్ నుంచి బెర్లిన్‌కు

పొలాన్యి 1891 మార్చిలో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి రైలుమార్గాలు నిర్మించే ఇంజనీరు. వ్యాపారం దెబ్బతిన్న కొన్నేళ్లకు, 1905లో చనిపోయాడు. తల్లి సెసిల్ ఇంట్లో కవులు, కళాకారులు, రాజకీయ మేధావులు వారం వారం చేరేవారు. అన్న కార్ల్ పొలాన్యి తర్వాతి కాలంలో ‘ది గ్రేట్ ట్రాన్స్‌ఫర్మేషన్’ రాసి ఆర్థిక చరిత్రలో పెద్ద పేరు సంపాదించాడు. అన్నదమ్ముల ఆర్థిక భావాలు ఎదురెదురు. అన్న మార్కెట్ సమాజాన్ని ఎండగట్టాడు, తమ్ముడు స్వేచ్ఛావాదాన్ని సమర్థించాడు.

మైకేల్ మొదట చదివింది వైద్యం. 1913లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా–హంగరీ సైన్యంలో వైద్యాధికారిగా పనిచేస్తూ జబ్బుపడ్డాడు. ఆ విరామంలోనే రసాయనశాస్త్రంలో డాక్టరేటుకు కావలసిన పరిశోధన రాసుకున్నాడు. 1920లో బెర్లిన్ శివారు డాలెంలోని కైజర్ విల్హెల్మ్ సంస్థలో చేరాడు. అక్కడ మొదట అప్పగించిన పని సెల్యులోజ్ పీచులు ఎక్స్‌రే కిరణాలకు చూపే నమూనాను విప్పిచెప్పడం. తర్వాత ఫ్రిట్జ్ హాబర్ నడిపే భౌతిక రసాయన సంస్థలో ఒక విభాగానికి అధిపతి అయ్యాడు.

రసాయన చర్యలు ఏ దారిన నడుస్తాయన్నది ఆయనకు ప్రియమైన ప్రశ్న. 1931లో హెన్రీ ఐరింగ్‌తో కలిసి, ఒక హైడ్రోజన్ పరమాణువు హైడ్రోజన్ అణువును ఢీకొన్నప్పుడు శక్తి ఎలా మారుతుందో కొండలు, లోయలు, కనుమలున్న పటంలా గీసి చూపాడు. లోహాలు సిద్ధాంతం చెప్పినదానికంటే ఎంతో సులువుగా ఎందుకు వంగుతాయన్నది మరో ప్రశ్న. స్ఫటికంలో పరమాణువుల వరస తప్పిన చోట్లే దీనికి కారణమని 1934లో ఆయన, ఎగాన్ ఒరొవాన్, జి. ఐ. టేలర్ ఎవరికి వారుగా తేల్చారు. తన వ్యాసం ముందే సిద్ధమైనా ఒరొవాన్ వ్యాసంతో పాటే అచ్చుకావాలని పొలాన్యి ఆగాడు. ఆయన దగ్గర డాక్టరేటు చేసిన యూజీన్ విగ్నర్ 1963లో భౌతికశాస్త్రంలో, మాంచెస్టర్‌లో ఆయనతో పనిచేసిన మెల్విన్ కాల్విన్ 1961లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. హిట్లర్ గద్దెనెక్కిన 1933లోనే పొలాన్యి జర్మనీలో ఉద్యోగం వదిలి, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయనశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు.

తిరస్కారం నేర్పిన పాఠం

పొలాన్యి తత్వానికి ముడిసరుకు ఆయన సొంత శాస్త్రజీవితం. అందులో ముఖ్యమైనది అధిశోషణ సిద్ధాంతం. బొగ్గు వంటి ఘనపదార్థాల ఉపరితలానికి వాయువులు అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. ఉపరితలం నుంచి కొంత దూరం వరకూ పనిచేసే ఆకర్షణ వాయువును పొరలు పొరలుగా లాగుతుందని ఆయన 1914–16 మధ్య సిద్ధాంతీకరించాడు. సరిగ్గా ఆ కాలంలోనే పరమాణువు నిర్మాణం గురించి కొత్త భావనలు వచ్చాయి. అణువుల మధ్య పనిచేసేవన్నీ విద్యుత్ బలాలేనని, వాటి ముందు ఇలాంటి ఆకర్షణ నిలవదని శాస్త్రలోకం నమ్మింది. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ చెప్పిన ఒకే పొర సిద్ధాంతం గెలిచింది. హాబర్ సంస్థలో పొలాన్యి తన వాదం వినిపించినప్పుడు సభలో ఉన్న ఐన్‌స్టీన్, హాబర్ ఇద్దరూ దాన్ని తోసిపుచ్చారు.

1930లో క్వాంటం సిద్ధాంతం సాయంతో ఫ్రిట్జ్ లండన్ అణువుల మధ్య కొత్త రకం ఆకర్షణ బలాలను వివరించాడు. పొలాన్యి సిద్ధాంతానికి లోపించిన పునాది దొరికింది. ఇద్దరూ కలిసి ఆ విషయం ప్రచురించారు కూడా. అయినా లోకం చాలాకాలం పట్టించుకోలేదు. మాంచెస్టర్‌లో ఆచార్యుడై ఉండి కూడా ఆయన తన సిద్ధాంతాన్ని డిగ్రీ విద్యార్థులకు బోధించలేకపోయాడు. పరీక్ష పత్రాలు కొంతవరకు బయటి పరీక్షకులు తయారు చేసేవారు, వారి దృష్టిలో అది తప్పు సిద్ధాంతం. ఉత్తేజిత కర్బనం మీద పనిచేసే శాస్త్రవేత్తలకు ఇవాళ ఆ సిద్ధాంతం నిత్యావసరం.

1963లో ‘సైన్స్’ పత్రికలో ఆయన ఈ కథంతా రాశాడు. ఆ వ్యాసంలో అక్కసు లేదు. తనను తిరస్కరించినవారు తప్పు చేశారని చెబుతూనే, అలాంటి తిరస్కారం లేకుండా విజ్ఞానం బతకదని వాదించాడు. చేతికొచ్చిన ప్రతి వింత వాదాన్నీ పరీక్షించబోతే శాస్త్రం చెత్తలో కూరుకుపోతుంది. ఏది పరిశీలించదగినదో ముందుగా తేల్చే ఉమ్మడి నమ్మకం ఒకటి ఉండాలి, అది ఒక్కోసారి మంచిదాన్ని కూడా గెంటేస్తుంది. దెబ్బతిన్న మనిషే ఆ మాట చెప్పాడు గనుక దానికి బరువుంది.

మాస్కోలో విన్న మాట

1935లో పొలాన్యి మాస్కో వెళ్లి సోవియట్ నాయకుడు నికొలాయ్ బుఖారిన్‌ను కలిశాడు. ప్రయోజనంతో పనిలేకుండా, కేవలం తెలుసుకోవడం కోసం సాగే శాస్త్రమన్నది వర్గ సమాజపు లక్షణమనీ, సోషలిజంలో శాస్త్రవేత్తలు పంచవర్ష ప్రణాళికల అవసరాల వైపు తామంతట తామే మళ్లుతారనీ బుఖారిన్ వివరించాడు. మూడేళ్లు తిరక్కుండానే బుఖారిన్‌ను స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమన్న సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకో మాట చెల్లింది. దాన్ని ఎదిరించిన వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు.

బ్రిటన్‌లోనూ ప్రణాళికాబద్ధ విజ్ఞానానికి మద్దతు పెరుగుతున్న రోజులవి. జె. డి. బెర్నల్ 1939లో రాసిన ‘ది సోషల్ ఫంక్షన్ ఆఫ్ సైన్స్’ దానికి ప్రధాన గ్రంథం. పొలాన్యి జీవశాస్త్రవేత్త జాన్ బేకర్‌తో కలిసి శాస్త్ర స్వేచ్ఛ కోసం ఒక సంఘం పెట్టాడు. అయితే స్వేచ్ఛ కావాలని నినదిస్తే సరిపోదని ఆయనకు తెలుసు. శాస్త్రజ్ఞుడు ఏం చేస్తాడు? ఎలా కనిపెడతాడు? అతడి బుర్రలో జరిగే పనిని బయటివాడు ఎందుకు శాసించలేడు? ఈ ప్రశ్నలు ఆయన్ని రసాయనశాస్త్రం నుంచి తత్వశాస్త్రంలోకి నడిపించాయి. 1946లో ‘సైన్స్, ఫెయిత్ అండ్ సొసైటీ’ వచ్చింది. 1948లో ఆయన రసాయనశాస్త్ర పీఠం వదిలేసి అదే విశ్వవిద్యాలయంలో సామాజిక అధ్యయనాల ఆచార్యుడయ్యాడు. అప్పటికి వయసు 57.

‘పర్సనల్ నాలెడ్జ్’

1951–52లో అబెర్డీన్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన గిఫర్డ్ ఉపన్యాసాలను తత్వవేత్త మార్జరీ గ్రీన్ తోడ్పాటుతో పెంచి, మార్చి, 1958లో ‘పర్సనల్ నాలెడ్జ్’ గా ప్రచురించాడు. ఆయన ప్రధాన గ్రంథం ఇదే. శాస్త్రజ్ఞానం మనిషి ప్రమేయం లేనిదన్న ఆదర్శం తప్పని ఈ పుస్తకం మొదటి పేజీల నుంచే వాదిస్తుంది. తెలుసుకునే మనిషి నైపుణ్యం, అభిరుచి, నమ్మకం, తపన జ్ఞానంలో భాగాలే. అవి జ్ఞానానికి అంటిన మకిలి కావు.

ఈ వాదానికి బలం ఉదాహరణల్లో ఉంది. సైకిల్ తొక్కేవాడు పడిపోకుండా ఎలా నిలుస్తాడు? ఒరిగిన వైపు హ్యాండిల్ తిప్పుతాడు. ఒరిగిన కోణం అదే అయితే, తిరిగే వంపు వేగపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని భౌతికశాస్త్రం చెబుతుంది. సైకిల్ తొక్కేవారిలో దాదాపు ఎవరికీ ఈ సూత్రం తెలియదు. తెలిసినా ఉపయోగం లేదు. ఈతగాడు నీటిమీద తేలడానికి కారణం ఊపిరి వదిలేటప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా ఖాళీ చేయకపోవడం, అది అతడికే తెలియదు.

ఛాతీ ఎక్స్‌రే చూడటం నేర్చుకునే వైద్యవిద్యార్థి గురించి ఆయన రాసినది వైద్యం చదివినవాడు మాత్రమే రాయగలిగినది. మొదట్లో విద్యార్థికి పక్కటెముకల నీడలు, గుండె ఆకారం తప్ప ఏమీ కనిపించవు. నిపుణుడు తోటి వైద్యులతో మాట్లాడే గుర్తులన్నీ కల్పనలా తోస్తాయి. కొన్ని వారాలు వింటూ, చూస్తూ పోతే పక్కటెముకలు మరుగున పడి ఊపిరితిత్తులు కనిపించడం మొదలవుతుంది. మాటలూ చూపూ ఒకదాన్నొకటి పట్టుకుని ఎదుగుతాయి.

మరో ఉదాహరణ ఆయన హంగరీలో కళ్లారా చూసింది. బల్బుల గాజు బుడగలు ఊదే యంత్రాన్ని విదేశం నుంచి తెచ్చారు. అచ్చం అలాంటిదే జర్మనీలో చక్కగా నడుస్తోంది. ఇక్కడ మాత్రం ఏడాది గడిచినా లోపం లేని ఒక్క బుడగ రాలేదు. యంత్రంతో పాటు దాన్ని నడిపే చేతుల తెలివి రాలేదు.

శాస్త్ర చరిత్రను కూడా ఈ వెలుగులో ఆయన తిరగరాశాడు. భూమి కదలిక వల్ల కాంతి వేగంలో తేడా వెతికిన మైకెల్సన్–మోర్లీ ప్రయోగం విఫలమైనందువల్లే సాపేక్ష సిద్ధాంతం పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఐన్‌స్టీన్ ఆలోచన పదహారేళ్ల వయసులోనే ఊహాశక్తితో మొదలైందని, ఆ ప్రయోగానిది నామమాత్రపు పాత్రేనని పొలాన్యి రాశాడు. ఐన్‌స్టీన్‌తో ప్రిన్స్‌టన్‌లో పనిచేస్తున్న ఎన్. బాలాజ్ ద్వారా 1953లో ఆ మాట ఐన్‌స్టీన్‌కు చేరవేసి, ఆమోదం కూడా తెప్పించుకున్నాడు.

అనుకూలం కాని ఉదాహరణలను దాచకపోవడం ఆయనలో మెచ్చదగిన గుణం. పందొమ్మిదో శతాబ్దంలో జేమ్స్ ఎస్‌డెయిల్ బెంగాల్‌లో మెస్మెరిజంతో నిద్రపుచ్చి వందల శస్త్రచికిత్సలు నొప్పి తెలియకుండా చేశాడు. వైద్య పత్రికలు అతడి నివేదికలు అచ్చువేయలేదు. శాస్త్రసమాజపు ఉమ్మడి నమ్మకం కళ్లెదుటి నిజాన్ని కూడా మూసేయగలదనడానికి పొలాన్యి దీన్ని సాక్ష్యంగా నిలబెట్టాడు.

మనసు పనిచేసే తీరు

జర్మనీలో గెస్టాల్ట్ మనస్తత్వవేత్తలు, మనసు విడివిడి ముక్కలను కాక మొత్తం రూపాన్ని చూస్తుందని చూపించారు. పొలాన్యి ఆ మాటను ఒక అడుగు ముందుకు తీసుకెళ్లాడు. రూపం తనంతట తాను ఏర్పడదు, తెలుసుకునే మనిషి ప్రయత్నమే దాన్ని కూడగడుతుంది.

ఆయన లెక్కలో ఎరుక రెండు రకాలు. మేకు కొట్టేవాడి దృష్టి మేకు మీద ఉంటుంది, అది కేంద్ర ఎరుక. సుత్తి పిడి అరచేతికి తగిలే ఒత్తిడి కూడా అతడికి తెలుస్తూనే ఉంటుంది, కాని మేకు కోసమే తెలుస్తుంది. అది సహాయక ఎరుక. చూపులేని మనిషి చేతికర్రతో దారి వెతుక్కునేటప్పుడు మొదట కర్ర అరచేతిని పొడుస్తున్నట్టే ఉంటుంది. అలవాటయ్యాక ఆ స్పర్శ కర్ర కొసకు మారుతుంది, కర్ర ఒంట్లో భాగమవుతుంది. పరికరాలలోకే కాదు, సిద్ధాంతాలలోకీ, భాషలోకీ, సంప్రదాయాలలోకీ మనిషి ఇలాగే నివాసముంటాడని పొలాన్యి అంటాడు. పియానో వాయించేవాడు ఉన్నట్టుండి తన వేళ్లనే గమనించడం మొదలుపెడితే చేతులు తడబడతాయి. సహాయకంగా ఉండవలసినదాన్ని కేంద్రంలోకి లాగితే పని చెడుతుంది.

1966లో వచ్చిన ‘ది టాసిట్ డైమెన్షన్’ లో ఆయన ఈ ఆలోచనకు మనస్తత్వ ప్రయోగాలను తోడు తెచ్చాడు. 1949లో లాజరస్, మెక్‌క్లియరీ కొందరికి అర్థం లేని అక్షర సమూహాలు చూపించి, వాటిలో కొన్నిటి తర్వాత విద్యుత్ షాక్ ఇచ్చారు. కొంతసేపటికి ఆ అక్షరాలు కనిపించగానే వాళ్లలో షాక్ రాబోతోందన్న లక్షణాలు కనబడ్డాయి. ఏ అక్షరాలకు షాక్ వస్తుందని అడిగితే మాత్రం చెప్పలేకపోయారు. తెలుసు, కాని ఏం తెలుసో తెలియదు.

కొత్తది ఎలా దొరుకుతుంది

ప్లేటో ‘మెనో’ సంభాషణలో ఒక చిక్కుముడి ఉంది. వెతుకుతున్నదేమిటో తెలిస్తే వెతకనక్కర్లేదు, తెలియకపోతే దొరికినా గుర్తుపట్టలేం. మరి పరిశోధన ఎలా సాధ్యం? పొలాన్యి సమాధానం అవ్యక్త జ్ఞానమే. మంచి సమస్యను పసిగట్టడమంటే, ఇంకా కనబడని పొందిక ఒకటి అక్కడ ఉందని ముందే లీలగా గ్రహించడం. శాస్త్రజ్ఞుడి నైపుణ్యంలో సగం ఆ పసిగట్టడంలోనే ఉంది. అది తప్పు కావచ్చు. సంవత్సరాల శ్రమ, పేరు, జీవనాధారం అలా పసిగట్టినదాని మీద పణం పెట్టవలసి రావచ్చు. అందుకే పరిశోధన ఒక నిబద్ధత అంటాడాయన.

1966లో రాసిన ‘ది క్రియేటివ్ ఇమాజినేషన్’ వ్యాసంలో సృజనకు రెండు శక్తులను విడదీసి చూపాడు. ఊహ కావాలని చేసే ప్రయత్నం, అది వెతుకుతుంది. అంతర్దృష్టి తనంతట తాను నడిచేది, ఊహ రేపిన ముక్కలను అది కూర్చిపెడుతుంది. ఎంత దూరంలో పరిష్కారం ఉందో చెప్పి దారి చూపేదీ అంతర్దృష్టే. సమస్యతో రోజుల తరబడి కుస్తీపట్టి వదిలేశాక హఠాత్తుగా సమాధానం మెరుస్తుందని గణితవేత్త పొయంకరే తన అనుభవం నుంచి చెప్పాడు. ఆ మెరుపు ముందటి కష్టానికి కొనసాగింపేనని పొలాన్యి వివరణ. సృజనను దైవదత్తమైన మాయగానూ, గుడ్డి యాదృచ్ఛికంగానూ చూడని వివరణలలో ఇది మిక్కిలి నిండైనది.

యంత్రంతో వాదం

1949 అక్టోబరు 27న మాంచెస్టర్ విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర విభాగంలో మనసు, గణన యంత్రం అనే విషయంపై చర్చ జరిగింది. అలాన్ ట్యూరింగ్, గణితవేత్త మాక్స్ న్యూమన్, నాడీశాస్త్రవేత్త జె. జెడ్. యంగ్, పొలాన్యి అందులో పాల్గొన్నారు. నియమావళికి లోబడే యంత్రం మనసుకు సమానం కాదని పొలాన్యి పట్టుబట్టాడు. నియమాన్ని ఎప్పుడు, ఎలా వర్తింపజేయాలో చెప్పడానికి మరో నియమం కావాలి, దానికి మరొకటి. ఎక్కడో ఒకచోట మనిషి నిర్ణయం తీసుకోక తప్పదు. మరుసటి సంవత్సరం ట్యూరింగ్ ‘మైండ్’ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో మనిషి ప్రవర్తనను నియమాల్లో ఇమడ్చలేమన్న అభ్యంతరానికి ప్రత్యేకంగా సమాధానం చెప్పాడు.

1968లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ‘లైఫ్స్ ఇర్రెడ్యూసిబుల్ స్ట్రక్చర్’ వ్యాసం ఈ వాదాన్ని ప్రాణుల దాకా విస్తరించింది. యంత్రం భౌతిక రసాయన సూత్రాలను ఉల్లంఘించదు, కాని దాని ఆకృతిని ఆ సూత్రాలు నిర్ణయించవు. డీఎన్‌ఏలోని అక్షరాల వరసా అంతే.

2014లో ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ ‘పొలాన్యి పారడాక్స్’ అనే మాట వాడుకలోకి తెచ్చాడు. మాటల్లో చెప్పలేని పనులకు ప్రోగ్రాం రాయలేం గనుక, వంట, శుభ్రత, ఒప్పించడం వంటి పనులు యంత్రాలకు లొంగలేదన్నది దాని సారం. ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్లు ముఖాలు గుర్తుపట్టడంలాంటి పనుల్లో ఈ అడ్డును దాటాయి. ఇది పొలాన్యి ఓటమి కాదు. నియమాలు రాసిస్తే తెలివి రాదనీ, ఉదాహరణలతో సాధన చేయాలనీ ఆయన చెప్పినదానికి సాంకేతిక రంగం ఇచ్చిన సాక్ష్యం అది. నేర్చిన యంత్రానికి తను చెప్పేదాని పట్ల నిబద్ధత ఉంటుందా అన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉంది.

శాస్త్రజ్ఞుల గణతంత్రం

1962లో ‘మినర్వా’ పత్రికలో వచ్చిన ‘ది రిపబ్లిక్ ఆఫ్ సైన్స్’ పొలాన్యి వ్యాసాల్లో ఎక్కువమంది చదివినది. పెద్ద జిగ్‌సా పజిల్‌ను పదిమంది కలిసి పూర్తిచేయాలంటే, ఒకరు పెట్టిన ముక్కను చూసి మరొకరు తమ ముక్క పెట్టడమే మేలైన మార్గం, పైనుంచి ఒకరు ఆజ్ఞాపిస్తే పని సాగదు అంటాడు. ఏ శాస్త్రవేత్తకూ విజ్ఞానమంతా తెలియదు. తన రంగానికి పక్కనున్న రంగాలను మాత్రం ప్రతివారూ తూచగలరు. ఆ పొరుగుబంధాల గొలుసే ఖగోళశాస్త్రం నుంచి వైద్యం దాకా ఒకే ప్రమాణాన్ని నిలబెడుతుంది.

ఆ ప్రమాణం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆయన చూపిన ఉదాహరణలు గుర్తుండిపోతాయి. రకరకాల జంతువుల గర్భధారణ కాలాన్ని రోజుల్లో లెక్కిస్తే పై అనే సంఖ్యకు గుణిజమవుతుందని కచ్చితమైన పట్టికతో ఒక లేఖ ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఖండించే శ్రమా పడలేదు. లార్డ్ రేలీ 1947లో, హైడ్రోజన్ పరమాణువు లోహపు తీగను తాకితే నూరు ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి వెలువడుతుందని సరళమైన ప్రయోగంతో చూపాడు. భౌతికవేత్తలు దాన్నీ మౌనంగా పక్కనబెట్టారు. సాక్ష్యం ఉన్నా నమ్మశక్యం కానిదాన్ని పక్కనబెట్టడం శాస్త్రజ్ఞుల నిత్యకృత్యమని ఆయన నిష్పక్షపాతంగా నమోదు చేశాడు.

ఆదరణ, విమర్శ

తత్వశాస్త్ర విభాగాలు పొలాన్యిని చాలాకాలం బయటివాడిగానే చూశాయి. కార్ల్ పాపర్ అనుచరులకు జ్ఞానంలో వ్యక్తి ప్రసక్తి రావడమే రుచించలేదు. శాస్త్రసమాజపు పెద్దలకే తీర్పు అప్పగించడం ఉన్నతవర్గ పెత్తనమని ఇమ్రే లకటోష్ విమర్శించాడు. వ్యక్తిగతమంటే ఎవరిష్టం వారిదని కాదని, తను నమ్మినది అందరికీ సత్యమన్న పూచీతో ముందుకు తేవడమని పొలాన్యి ముందే చెప్పాడు. తప్పు ఏదో ఒప్పు ఏదో ఆ పూచీ ఒక్కటే ఎలా తేలుస్తుందన్న ప్రశ్నకు ఆయన జవాబు పూర్తి సంతృప్తి ఇవ్వదు. 1962లో వచ్చిన థామస్ కూన్ ‘ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రెవల్యూషన్స్’ ఇలాంటి భావాలతోనే ప్రపంచ ప్రసిద్ధి పొందింది. కూన్ తన పుస్తకంలో పొలాన్యిని ప్రశంసతో పేర్కొన్నాడు. పాఠకుల చూపు మాత్రం కూన్ దగ్గరే ఆగింది.

ఆయన మాటలకు గట్టి ఆధారాలు తర్వాతి తరంలో సమాజశాస్త్రం నుంచి వచ్చాయి. ఒక రకం లేజర్‌ను తయారు చేయబోయిన ప్రయోగశాలలను పరిశీలించిన హారీ కాలిన్స్, ప్రచురిత వ్యాసాలు మాత్రమే చదివి దాన్ని పనిచేయించినవారు ఒక్కరూ లేరని 1974లో రాశాడు. అప్పటికే చేసిన మనుషులతో కలిసి తిరిగినవారికే అది పట్టుబడింది. నీలమణి స్ఫటికంలో కంపనం ఎంతసేపు నిలుస్తుందో మాస్కో బృందం కొలిచిన ఫలితాన్ని పాశ్చాత్య శాస్త్రవేత్తలు దాదాపు ఇరవై ఏళ్లు రాబట్టలేకపోయారు. మాస్కోవారితో ప్రయోగశాలల్లో పక్కపక్కన పనిచేశాకే గ్లాస్గో బృందానికి అది సాధ్యమైంది. జపాన్‌కు చెందిన నొనాకా, టకెఉచి 1995లో అవ్యక్త జ్ఞానాన్ని కంపెనీల నిర్వహణలోకి తీసుకెళ్లారు. ఒక పెద్ద హోటల్‌లో రొట్టెల నిపుణుడి దగ్గర పని నేర్చుకుని ఇంట్లో రొట్టె చేసే యంత్రాన్ని రూపొందించిన కథ వారి పుస్తకంతో ప్రసిద్ధమైంది. కాకపోతే అవ్యక్తమైనదాన్ని మాటల్లోకి మార్చి కంపెనీ ఆస్తిగా నిలవచేయవచ్చన్న వారి ఆశకు పొలాన్యి ఒప్పుకునేవాడు కాదు. ఆయన దృష్టిలో కొంత భాగం ఎప్పటికీ మాటకు అందదు.

పొలాన్యి 1976 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో చనిపోయాడు. రసాయన చర్యల గమనంపై పరిశోధనకు కొడుకు జాన్ పొలాన్యి 1986లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. తండ్రి 1931లో గీసిన శక్తి పటాల మీదే ఆ రంగం ఎదిగింది. విలియం స్కాట్, మార్టిన్ మొలెస్కీ 2005లో రాసిన జీవితచరిత్ర, మేరీ జో నై 2011లో ప్రచురించిన అధ్యయనం ఆయనపై మళ్లీ ఆసక్తి కలిగించాయి.

ఆయన రచనలు మొదలుపెట్టేవారికి ‘ది టాసిట్ డైమెన్షన్’ అనువైనది. చిన్న పుస్తకం, మూడు ఉపన్యాసాలు. 1963 నాటి అధిశోషణ వ్యాసం, ‘ది రిపబ్లిక్ ఆఫ్ సైన్స్’ ఒక పూటలో చదవగలిగినవి. ‘పర్సనల్ నాలెడ్జ్’ నాలుగు వందల పేజీల పైచిలుకు, అక్కడక్కడా ముదురు పాకం. దానిలో నైపుణ్యాల మీద రాసిన నాలుగో అధ్యాయం ముందు చదివి వెనక్కి వెళితే, సైకిల్, సుత్తి ఉదాహరణలు చేతికొచ్చి మిగతా వాదం తేలిగ్గా పట్టుబడుతుంది.